బోర్డు మీద నాలుగక్షరాలు

ఎర్రగడ్డ అనగానే హైదరాబాదులో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది మానసిక వైద్యశాల. కాస్త తేడాగా మాట్లాడితే చాలు, "వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలి" అనేస్తారు. అదే ఎర్రగడ్డలో డాక్టర్ బీఆర్‌కేఆర్ ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది. చర్మవ్యాధుల కోసం కేంద్రం నడిపే జాతీయ యునానీ పరిశోధన సంస్థ కూడా అక్కడే ఉంది. బొల్లి మచ్చలకు మందు కోసం దూరాల నుంచి జనం వస్తారు. రామంతాపూర్‌లో ప్రభుత్వ హోమియో కళాశాల, చార్మినార్‌ను ఆనుకుని నిజామియా తిబ్బీ కళాశాల, అమీర్‌పేట వైపు ప్రకృతి వైద్య కళాశాల. ఇన్ని పద్ధతులకు ఇన్ని సర్కారు కాలేజీలు ఒకే ఊళ్లో ఉండడం మామూలు విషయం కాదు.

వీటిలోంచి బయటికొచ్చేవాళ్ల బోర్డుల మీద బీఏఎంఎస్ (ఆయుర్వేదం), బీయూఎంఎస్ (యునానీ), బీహెచ్‌ఎంఎస్ (హోమియో), బీఎన్‌వైఎస్ (ప్రకృతి వైద్యం) అని ఉంటుంది. ఏదైనా ఐదున్నరేళ్ల చదువే. నాలుగున్నరేళ్లు క్లాసులు, ఏడాది ఇంటర్న్‌షిప్. ఎంబీబీఎస్‌కూ అంతే కాలం. అదే నీట్ పరీక్ష, తెలంగాణలో అదే కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం, పేరుకు ముందు అదే "డా." మరి విలువ కూడా అంతేనా అని అడిగితే, సమాధానం ఎవరిని అడిగామన్న దాన్ని బట్టి ఉంటుంది. చట్టం ఒకటి చెబుతుంది, సైన్సు ఇంకొకటి, జీతాలిచ్చేవాళ్లు మరొకటి.

ముందు ఒక గందరగోళం తీర్చుకోవాలి. "ప్రత్యామ్నాయ వైద్యం" అనే పేరుతో చట్టం గుర్తించిన డిగ్రీ మన దేశంలో లేదు. గుర్తింపు ఉన్నది ఆయుర్వేదం, యునానీ, సిద్ధ, హోమియో లాంటి విడివిడి పద్ధతులకే. 1956 నాటి యూజీసీ చట్టం 22వ సెక్షన్ ప్రకారం, చట్టం ద్వారా ఏర్పడిన విశ్వవిద్యాలయమో, ఆ హక్కు ఉన్న సంస్థో మాత్రమే డిగ్రీ ఇవ్వాలి. అయినా కొన్ని క్లినిక్కుల్లో గోడకు "ఎండీ (ఏఎం)" అని ఫ్రేమ్ కట్టిన కాగితం కనిపిస్తుంది. బ్రాకెట్లో ఉన్నది ఆల్టర్నేటివ్ మెడిసిన్. పేషెంటు కళ్లకు కనిపించేది మాత్రం బ్రాకెట్ బయటి ఎండీయే. యూజీసీ ప్రకటించే నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాలో పేరులోనే "ఆల్టర్నేటివ్ మెడిసిన్" ఉన్న కోల్‌కతా సంస్థలు రెండు ఏళ్ల తరబడి ఉన్నాయి. పోస్టులో పుస్తకాలు, పోస్టులోనే పట్టా ఇచ్చే కోర్సులకూ, ఎర్రగడ్డలో శవం మీద కత్తి పట్టి శరీర నిర్మాణం నేర్చుకునే చదువుకూ పోలిక లేదు. రెంటినీ ఒకే గాటన కట్టడం కష్టపడి చదివినవాళ్లకు అన్యాయం.

మన దగ్గర ఇంకో మూడక్షరాల మాట ఉంది, ఆర్‌ఎంపీ. విడదీస్తే రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ అని అర్థం. బస్తీల్లో, పల్లెల్లో ఆ పేరుతో పిలిపించుకునే చాలామంది పేర్లు ఏ రిజిస్టరులోనూ లేకపోవడమే విచిత్రం. రాత్రి పదకొండింటికి తలుపు తీసేది ఆయనొక్కడే కాబట్టి ఆ సంగతి ఎవరూ అడగరు.

చట్టం కంటికి డిగ్రీ విలువ స్పష్టం. 1970లో భారతీయ వైద్యానికీ, 1973లో హోమియోకూ కేంద్ర చట్టాలు వచ్చాయి. 2020లో వాటి స్థానంలో జాతీయ కమిషన్ల చట్టాలు వచ్చాయి. డిగ్రీ ఉంటేనే రిజిస్టరులో పేరు, పేరుంటేనే ప్రాక్టీసు. ఇందులో చాలామందికి తెలియని చిన్న మెలిక ఒకటుంది. షుగర్, బీపీ, సంతానలేమి లాంటి కొన్ని జబ్బులు నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. కానీ రిజిస్టరైన వైద్యుడు తన క్లినిక్కు ముందు, ఈ జబ్బులకు ఇక్కడ చికిత్స చేస్తాం అని బోర్డు పెట్టుకోవడానికి అదే చట్టం మినహాయింపు ఇచ్చింది. అంటే ఎర్ర రంగుతో "షుగర్, బీపీ" అని రాసుకునే హక్కు కూడా ఆ నాలుగక్షరాలతోనే వస్తుంది. నయమవుతుందన్న హామీ మాత్రం ఏ చట్టమూ ఇవ్వలేదు. అక్షరాలు చదివిన పేషెంటు ఆ హామీ కూడా ఉందనుకుంటాడు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

డిగ్రీ లోపల ఏముందో చూస్తే ఈ చిక్కు ఇంకా బాగా అర్థమవుతుంది. బీఏఎంఎస్‌లో సంస్కృతం ఉంది, అష్టాంగ హృదయం ఉంది, చరక సంహిత ఉంది. మూలికల గుణాలు చెప్పే ద్రవ్యగుణం, లోహాల నుంచి భస్మాలు తయారుచేసే రసశాస్త్రం, విషాల గురించి అగదతంత్రం ఉన్నాయి. వీటితోపాటు అనాటమీ, ఫిజియాలజీ, పాథాలజీ, కాన్పులు, పరిశోధనా పద్ధతులు, గణాంకాలు కూడా ఉన్నాయి. పొద్దున వాత పిత్త కఫాలు, మధ్యాహ్నం కిడ్నీ నెఫ్రాన్. ఈ రెండూ ఎక్కడ కలుస్తాయో చెప్పే పేపరు మాత్రం సిలబస్‌లో కనిపించదు. ఆ కలిపే పని విద్యార్థికే వదిలేశారు. చాలామంది కలపరు, పరీక్ష ఎలా అడిగితే అలా రాసి బయటపడతారు.

హోమియోలో ఈ తమాషా ఇంకా ముదిరింది. సీటు కోసం విద్యార్థి రెండేళ్లు బైపీసీలో మోల్ కాన్సెప్ట్ లెక్కలు చేస్తాడు. అవగాడ్రో సంఖ్య నోటికి వచ్చి ఉంటుంది. నీట్‌లో నాలుగు మార్కులు అక్కడే పోతాయని కోచింగ్‌లో పదేపదే చెప్పి ఉంటారు. సీటొచ్చి కాలేజీకి వెళితే 30సీ పొటెన్సీ ఎలా తయారవుతుందో నేర్పుతారు. ఒక వంతు మందు, తొంభైతొమ్మిది వంతుల ద్రావకం, కుదుపు, మళ్లీ అందులో ఒక వంతు, అలా ముప్పైసార్లు. నిరుడు చేసిన లెక్కే ఇక్కడా చేస్తే 12సీ దాటాక అసలు పదార్థం అణువు ఒక్కటైనా సీసాలో మిగలడం అనుమానం. ఒకే బుర్రలో ఈ రెండు చదువులూ పక్కపక్కన కాపురం చేయాలి. పట్టా తీసుకున్నాక ఆ ప్రశ్న అడిగేవాళ్లు ఉండరు.

హోమియోకు హైదరాబాదులో గౌరవనీయమైన చరిత్రే ఉంది. రామంతాపూర్ కళాశాల పేరులో పొట్టి శ్రీరాములుతో పాటు ఉన్న జయసూర్య, సరోజినీ నాయుడి కొడుకు. ఆధునిక వైద్యం చదివి హోమియో వైపు వచ్చిన మనిషి, 1952లో మెదక్ నుంచి లోక్‌సభకు వెళ్లాడు. అప్పట్లో హోమియో డాక్టరంటే చదువుకున్న కుటుంబాల్లో పెద్దమనిషి. కాకపోతే పెద్దమనిషి తరహా వేరు, మందు పనిచేస్తుందా లేదా అన్నది వేరు. 2010లో బ్రిటన్ పార్లమెంటు సైన్సు కమిటీ, 2015లో ఆస్ట్రేలియా జాతీయ వైద్య పరిశోధన మండలి ఉన్న ఆధారాలన్నీ జల్లెడ పట్టాయి. ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగని బ్రిటన్ కమిటీకి కనిపించలేదు. ఫలానా జబ్బుకు హోమియో పనిచేస్తుందని నమ్మదగ్గ ఆధారం ఆస్ట్రేలియా మండలికీ దొరకలేదు. 2017లో ఇంగ్లండ్ ప్రభుత్వ వైద్య వ్యవస్థ తన డాక్టర్లను హోమియో రాయొద్దంది.

డిగ్రీల మాటకొస్తే బ్రిటన్‌లో గొడవ ఇంకాస్త ముందే మొదలైంది. అక్కడి కొన్ని విశ్వవిద్యాలయాలు హోమియోలో బీఎస్సీ పట్టాలు ఇచ్చేవి. లండన్ యూనివర్సిటీ కాలేజీ ఫార్మకాలజీ ప్రొఫెసర్ డేవిడ్ కోల్‌కూన్ 2007లో నేచర్ పత్రికలో రాస్తూ, సైన్సు లేని చదువుకు సైన్సు పట్టా ఏమిటని నిలదీశాడు. ఆయన అభ్యంతరం జనం హోమియో మందులు వాడడం మీద కాదు, "బీఎస్సీ"లో సైన్సు అని చెప్పే "ఎస్సీ" అక్షరాల మీద. తర్వాత కొన్నేళ్లలో ఆ కోర్సులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. అక్కడ అవి కొత్తగా పెట్టిన కోర్సులు, చదివేవాళ్లు తక్కువ, మూసేసినా పెద్దగా గోల లేదు. మన దగ్గర అదే వాదన తెచ్చి పెడితే నడవదు. ఇక్కడ ఈ డిగ్రీల వెనక చట్టం ఉంది, మంత్రిత్వ శాఖ ఉంది, ఆసుపత్రులున్నాయి, లక్షల కుటుంబాల అలవాటు ఉంది. "ఎస్సీ" అన్న అక్షరాలు కూడా లేవు, కాబట్టి కోల్‌కూన్ పట్టుకున్న పిలక మనకు దొరకదు.

ఇక్కడికి ఆగితే సగం కథే అవుతుంది. ఆయుర్వేదాన్ని హోమియోతో కలిపి ఒకే తూకం వేయడం సరికాదు. దానికి హైదరాబాదు వీధుల్లోనే ఒక మంచి ఉదాహరణ ఉంది.

దిల్‌సుఖ్‌నగర్ అయినా కూకట్‌పల్లి అయినా, "మొలలు, ఫిషర్, ఫిస్టులాకు క్షారసూత్ర చికిత్స" అన్న బోర్డు కనిపించకుండా కిలోమీటరు నడవలేం. క్షారసూత్రం అంటే మందు పట్టించిన దారం. ఇరవయ్యో నంబరు లినెన్ దారాన్ని చట్రానికి బిగించి కడతారు. దానికి మొదట జెముడు పాలు పదకొండుసార్లు పూసి ఆరబెడతారు. తర్వాత జెముడు పాలూ ఉత్తరేణి క్షారమూ కలిపి ఏడు పూతలు. చివర జెముడు పాలూ పసుపూ మూడు పూతలు. మొత్తం ఇరవైయొక్క పూతలు, ఒక్కో పూతకీ మధ్య ఆరాలి. ఆ దారాన్ని భగందరం, అంటే మలద్వారం పక్కన గొట్టంలా పడే పుండు (ఫిస్టులా) దారిలోకి ఎక్కించి ముడి వేస్తారు. అది మెల్లగా కోసుకుంటూ వస్తుంది, వెనకాల పుండు మానుతూ వస్తుంది. వారానికోసారి పాత దారానికి కొత్త దారం కట్టి లాగి మారుస్తారు. ఆ లాగే క్షణం పేషెంటుకు నక్షత్రాలు కనిపిస్తాయనుకోండి.

ఇది తాతలు చెప్పారు కాబట్టి నమ్మండి అన్నచోట ఆగిపోలేదు. భారత వైద్య పరిశోధన మండలి పలు కేంద్రాల్లో దీన్ని మామూలు ఆపరేషన్‌తో పోల్చి చూసింది. 1991లో ఫలితాలు అచ్చయ్యాయి. ఆపరేషన్ అయితే పుండు నాలుగు వారాల్లో మానింది, దారంతో ఎనిమిది వారాలు పట్టింది. మళ్లీ తిరగబెట్టడం మాత్రం ఆపరేషన్ చేసినవాళ్లలో 11 శాతం, దారం కట్టినవాళ్లలో 4 శాతం. మంచీ చెడూ రెండూ అంకెల్లో ఉన్నాయి, పేషెంటు తన వీలు చూసుకుని ఎంచుకోవచ్చు. ఈ దారం ఎక్కించాలంటే ఆ దారి ఏ కండరాన్ని దాటి పోతోందో తెలియాలి. పొరపాటున కండరం తెగితే మలం మీద అదుపు పోతుంది. ఇక్కడ డిగ్రీకీ, పైన శల్యతంత్రంలో (ఆయుర్వేద శస్త్రచికిత్సలో) చేసిన పీజీకీ నిజంగానే విలువ ఉంది. చరిత్రా, చేతి నేర్పూ, అనాటమీ, పరీక్షకు నిలిచిన ఫలితం ఒకచోట కలిశాయి. పక్క వీధిలో "బెంగాలీ దవాఖానా, ఆపరేషన్ లేకుండా మొలలు మాయం" అన్న రేకు బోర్డు వెనకున్న మనిషి దగ్గర వీటిలో ఒక్కటీ ఉండదు. రెండు బోర్డులూ దూరం నుంచి ఒకేలా కనిపించడమే బాధ.

ఇలాంటి ఉదాహరణలు సిలబస్‌లో ఎన్ని ఉన్నాయన్నదే అసలు ప్రశ్న. సర్పగంధ వేరు రక్తపోటు తగ్గిస్తుందని ముంబై డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో చూపించాడు. తర్వాత దాన్నుంచే రిసర్పిన్ అనే మందు వచ్చింది. అదే చదువులో ఉన్న భస్మాల సంగతి వేరు. 2004లో అచ్చయిన ఒక పరిశోధన కోసం బోస్టన్ దుకాణాల్లో అమ్మే ఆయుర్వేద మందులు పరీక్షిస్తే ఐదింట ఒక దాంట్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్ లాంటివి హానికరమైన మోతాదులో దొరికాయి. సర్పగంధనూ, పాదరసాన్నీ, క్షారసూత్రాన్నీ కోర్సు ఒకే గౌరవంతో బోధిస్తుంది. ఏది పరీక్షకు నిలిచింది, ఏది నిలవలేదు, దేన్ని ఎవరూ పరీక్షించనే లేదు అని మూడు కుప్పలు పోసి చెప్పే అలవాటు లేదు. ఎంబీబీఎస్ పాఠ్యపుస్తకం కూడా పాత మందుల్ని తీసేయడంలో నత్తనడకే నడుస్తుంది, కానీ తీసేస్తుంది. గ్రంథం మీద గౌరవం ఉన్న చోట తీసివేత దాదాపు పాపం లాంటిది. ఈ డిగ్రీల పెద్ద లోటు ఇదేననిపిస్తుంది.

ప్రకృతి వైద్యం బీఎన్‌వైఎస్ గురించి ఎక్కువ చెప్పుకునేది లేదు. తిండి, నిద్ర, నడక, యోగా చెబితే ఎవరికీ నష్టం లేదు. మట్టిపట్టీ వేసి గడ్డ కరుగుతుందంటే నష్టం మొదలవుతుంది.

రాత్రి పూట ఇంకో బజారు నడుస్తుంది. చిన్నాచితకా నర్సింగ్‌హోముల్లో నైట్ డ్యూటీ డాక్టరుగా కూర్చునేవాళ్లలో బీఏఎంఎస్, బీహెచ్‌ఎంఎస్ వాళ్లు ఎందరో ఉంటారు. వాళ్లు రాసేది త్రిఫల చూర్ణం కాదు, యాంటీబయాటిక్కులు, సెలైన్లు. ఎంబీబీఎస్ చదివినవాళ్లకు ఇచ్చేదాని కంటే తక్కువకు వస్తారు కాబట్టి యాజమాన్యాలకు సుఖం. దీని మీద సుప్రీంకోర్టు 1996లోనే గట్టిగా మాట్లాడింది. ముంబైలో ఒక హోమియో డాక్టర్ జ్వరం పేషెంటుకు ఇంగ్లీషు మందులు వాడి, ఆ మనిషి చనిపోయిన కేసు అది. తాను చదవని పద్ధతిలో వైద్యం చేసేవాడు నకిలీ వైద్యుడి కిందే లెక్క అని కోర్టు తేల్చింది. 1998లో మరో తీర్పు, రాష్ట్రాలు తమ చట్టాల ద్వారా అనుమతిస్తే తప్ప వీల్లేదంది. 2014లో మహారాష్ట్ర ఏడాది ఫార్మకాలజీ కోర్సు చేసిన హోమియో వైద్యులకు తలుపు తెరిచింది. 2017 నాటి జాతీయ వైద్య కమిషన్ బిల్లులో అందరికీ ఒక బ్రిడ్జి కోర్సు పెట్టాలనుకున్నారు, గోల రేగడంతో తీసేశారు. 2020 నవంబరులో ఆయుర్వేద శస్త్రచికిత్స పీజీలకు 58 రకాల ఆపరేషన్లు చేయొచ్చని గెజిట్ వస్తే, డిసెంబరు 11న ఇంగ్లీషు డాక్టర్లు దేశమంతా ఓపీలు ఆపారు.

జీతం దగ్గరా ఇదే పేచీ. గుజరాత్‌లో ఆయుర్వేద ప్రభుత్వ డాక్టర్లు ఎంబీబీఎస్ వాళ్లతో సమానంగా ఇవ్వాలని అడిగారు. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కుదరదంది. ఎమర్జెన్సీ, పోస్టుమార్టం లాంటి పనులు ఇద్దరూ ఒకేలా చేయడం లేదు కాబట్టి సమాన పని అనలేమంది. తెలంగాణలో 2022లో పల్లె దవాఖానాల కోసం పిలుపు వచ్చినప్పుడు లెక్క వేరుగా ఉంది. అక్కడ ఎంబీబీఎస్‌కూ బీఏఎంఎస్‌కూ నెలకు ఒకే 40,000 రూపాయలు, స్టాఫ్ నర్సుకు 29,900. ఎంబీబీఎస్‌లు పల్లెకు వెళ్లనప్పుడు డిగ్రీల మధ్య తేడా ఎంత సులువుగా కరిగిపోతుందో చూడండి.

ఇంతకీ ఈ సీట్లలో ఎవరు చేరుతున్నారు? ఇష్టపడి, చిన్నప్పటి నుంచి ఆయుర్వేదమే చదవాలనుకుని వచ్చేవాళ్లు ఉన్నారు, తక్కువ. మిగతా ఇళ్లలో నీట్ ర్యాంకు వచ్చిన సాయంత్రం జరిగే సంభాషణ ఒకటే: ఎంబీబీఎస్ రాకపోతే బీడీఎస్, అదీ రాకపోతే బీఏఎంఎస్, బీహెచ్‌ఎంఎస్, ఏదో ఒకటి. "లాంగ్ టర్మ్ మళ్లీ పెడితే పిల్లకు టెన్షన్, ఎలాగైనా డాక్టరే కదా" అని ముగుస్తుంది. పెళ్లి సంబంధాల దగ్గర ఆ "డా." బాగానే పనికొస్తుంది. క్లినిక్ పెట్టుకోవడానికి అద్దె, అడ్వాన్సు, రెండేళ్లు ఓపిక కావాలి. అవి లేనివాళ్లు హోమియో గొలుసు క్లినిక్కుల్లో చేరతారు. అక్కడ ఏడాది ప్యాకేజీ డబ్బు కౌంటర్‌లో ముందే కట్టించుకుంటారు. అలాంటి చోట కూర్చుని, "మీ జబ్బుకు నా దగ్గర మందు లేదు, స్పెషలిస్టు దగ్గరికి వెళ్లండి" అనడానికి చదువొక్కటే చాలదు.

ఆ మాట అనగలగడమే పేషెంటు వైపు నుంచి చూస్తే డిగ్రీకి పెద్ద విలువ. షుగర్ ఉన్న పెద్దాయన వచ్చి, "ఇంగ్లీషు గోళీలు మానేసి మీ మందు వాడతా" అంటాడు. చదువుకున్న వైద్యుడు ముందు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) రిపోర్టు అడుగుతాడు, కాళ్లు చూస్తాడు, గోళీలు మానొద్దంటాడు. పసరు పోసే మనిషి ఇవేవీ అడగడు. మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదం మింగడానికి వేల మంది క్యూ కడతారు, అక్కడ ఎవరి ఇన్‌హేలర్ గురించీ వాకబు ఉండదు. తేడా ఆ వాకబులో ఉంది. కాకపోతే ఆ వాకబు నేర్పింది సిలబస్‌లోని పాథాలజీ, ఫిజియాలజీ పేపర్లు.

అమీర్‌పేటలో ప్రకృతి వైద్యశాలకు కాస్త అవతల, కోచింగ్ సెంటర్ల సందుల్లో "మెడికల్ కోడింగ్, వంద శాతం ప్లేస్‌మెంట్" అన్న ఫ్లెక్సీలు వేలాడుతుంటాయి. ఆ క్లాసుల్లో బీఏఎంఎస్, బీహెచ్‌ఎంఎస్ చదివినవాళ్లు చాలామంది. అమెరికా ఆసుపత్రుల రికార్డులు చదివి, ప్రతి జబ్బుకూ బీమా కంపెనీకి అర్థమయ్యే కోడ్ వేయడం ఆ ఉద్యోగం. అనాటమీ గట్టిగా వచ్చినవాళ్లకు త్వరగా పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జనవరిలో తన కొత్త జబ్బుల పట్టిక ఐసీడీ-11లో ఆయుర్వేద, సిద్ధ, యునానీ రోగాల పేర్లకు కూడా ఒక భాగం కేటాయించింది. కోచింగ్‌లో చెప్పేది మాత్రం అమెరికా వాడే ఐసీడీ-10. అందులో వాతవ్యాధికి కోడ్ లేదు, మోకాలి కీలు అరుగుదలకు ఉంది. కుడి మోకాలికి ఒకటి, ఎడమ మోకాలికి ఒకటి.